హీమోగ్లోబిన్ 7.4, కళ్లు పచ్చగా ఉన్నాయి, ఐరన్ మాత్రలు పనిచేయడం లేదు. ఎర్రకణాలు పగిలిపోతున్నట్టా?

నిద్రలేని అక్క
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 26 ఏళ్లు. కొన్ని వారాలుగా మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ. బయట ఎక్కడా రక్తం పోలేదు, విరేచనం నల్లగా రాలేదు. రక్తం తక్కువ ఉందని ఐరన్ మాత్రలు రాశారు, వేసుకుంటూనే ఉన్నాడు, ఇంకా తగ్గింది. ఇప్పుడు కళ్లు పచ్చబడ్డాయి, దాంతో ఒకరు లివర్ అంటున్నారు ఒకరు రక్తం అంటున్నారు. రిపోర్టు ఇదీ: హీమోగ్లోబిన్ 7.4, హెమటోక్రిట్ 22, ఎంసీవీ 104, తెల్లకణాలు మామూలే, ప్లేట్‌లెట్లు 2,10,000. బిలిరుబిన్ మొత్తం 3.6, అందులో డైరెక్ట్ 0.5. ఎస్‌జీఓటీ 68, ఎస్‌జీపీటీ 24. ఫెర్రిటిన్ 410. క్రియాటినిన్ బాగానే ఉంది. హెమటాలజిస్ట్ అపాయింట్‌మెంట్ ఎల్లుండి. ఈలోపు నాకు విషయం కాస్త అర్థమైతే అక్కడ సరైన ప్రశ్నలు అడగగలను, అందుకే అడుగుతున్నాను.

అనుమాన పక్షి
కళ్లు పచ్చబడ్డాయంటే కామెర్లే కదండీ. ముందు హెపటైటిస్ టెస్టులు చేయించండి, రక్తం సంగతి తర్వాత.

స్లైడు కింద
పాథాలజీలో పనిచేస్తాను. మీ తమ్ముడిని చూడకుండా ఇది ఫలానా జబ్బు అని నేను అననండి, కానీ మీరు పెట్టిన అంకెలు ఎటు చూపిస్తున్నాయో చెప్పగలను.

బిలిరుబిన్ అంటే ఎర్రకణాలు పగిలితే వచ్చే పసుపు పదార్థం. 3.6లో డైరెక్ట్, అంటే లివర్ మార్చినది, 0.5 మాత్రమే, మిగతా 3.1 ఇన్‌డైరెక్ట్, అంటే లివర్ ఇంకా మార్చనిది. లివర్ కణాలు దెబ్బతింటే ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైము వందల్లోనో వేలల్లోనో ఉండాలి, డైరెక్ట్ కూడా పెరగాలి. ఇక్కడ ఎస్‌జీపీటీ 24. ఎస్‌జీఓటీ మాత్రం 68 ఎందుకుంది అంటే ఆ ఎంజైము ఎర్రకణాల్లోనూ ఉంటుంది, అవి పగిలితే బయటికి వస్తుంది. లివర్ మనిషి ఎస్‌జీపీటీని నమ్ముతాడు, రక్తం మనిషి ఈ రెండింటి మధ్య తేడాని చూస్తాడు. ఒంట్లో ఐరన్ నిల్వని చూపే ఫెర్రిటిన్ 410 ఉన్నప్పుడు ఐరన్ లోపం అనుకోవడానికి ఆధారమే లేదు. రోగం ఒకటి, మందు ఇంకొకటి అయింది.

ఇక ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు పరిమాణం, 104. కొత్తగా ఎముక మజ్జలోంచి వచ్చే పిల్లకణాలు, అంటే రెటిక్యులోసైట్లు, మామూలు కణాల కంటే పెద్దవి. అవి ఎక్కువైతే సగటు పరిమాణం పెరుగుతుంది. కానీ బి12 లోపంలోనూ పెరుగుతుంది కాబట్టి ఈ ఒక్క అంకెను పట్టుకుని ఏదీ తేల్చకూడదు.

ఇప్పుడు కావలసినవి నాలుగు: రెటిక్యులోసైట్ కౌంట్, ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే పెరిగే ఎంజైము), హాప్టోగ్లోబిన్ (బయటపడ్డ హీమోగ్లోబిన్‌ని పట్టుకునే ప్రోటీన్, కణాలు పగిలితే తగ్గుతుంది), అన్నిటికన్నా ముఖ్యంగా ఎవరైనా కళ్లతో చూసిన రక్తపు స్మియర్, అంటే గాజు స్లైడు మీద పలచగా పరిచిన రక్తపు చుక్క. మిషన్ రిపోర్టు కాదు, మనిషి చూసినది. ఇంకోటి, రక్తం ఎక్కించాల్సి వస్తే ఎక్కించే ముందే శాంపిల్ తీసి పక్కన పెట్టించండి. తర్వాత చేస్తే సగం టెస్టులు దాత రక్తానికి చేసినట్టే.

అనుమాన పక్షి
సరేనండీ, కానీ గిల్బర్ట్ సిండ్రోమ్‌లో కూడా ఇన్‌డైరెక్టే పెరుగుతుందని చదివాను. అది ప్రమాదం లేనిది కదా.

స్లైడు కింద
నిజమే, మంచి పాయింటు. కానీ గిల్బర్ట్‌లో హీమోగ్లోబిన్ తగ్గదు, రెటిక్ పెరగదు, ఎల్‌డీహెచ్ మామూలే. 7.4 హీమోగ్లోబిన్‌ని గిల్బర్ట్ ఖాతాలో వేయలేం. రెండూ ఒకే మనిషిలో ఉంటే మాత్రం బిలిరుబిన్ మరీ ఎక్కువ కనిపిస్తుంది. ఎర్రకణాలు పగలడం ఒక్కటే కారణమైతే అది సాధారణంగా 4, 5 దాటదు, లివర్ బాగుంటే వచ్చినదాన్ని వచ్చినట్టు పంపించేస్తుంది. 12, 15 అంటే ఇంకేదో కలిసిందని అర్థం.

మెడికో నాలుగో ఏడు
ఎర్రకణం మామూలుగా 120 రోజులు బతుకుతుంది కదా. మజ్జ తన ఉత్పత్తిని ఆరు నుంచి ఎనిమిది రెట్ల దాకా పెంచుకోగలదు. అందుకే కణం ఆయుష్షు నెల రోజులకి పడిపోయినా కొందరిలో హీమోగ్లోబిన్ మామూలుగానే ఉంటుంది. జబ్బు ఉంటుంది, రక్తహీనత ఉండదు! పగిలిన కణాల బిలిరుబిన్ పేరుకుని పిత్తాశయంలో రాళ్లు కడితే, వాటికి స్కాన్ చేయించుకున్నప్పుడు బయటపడే వాళ్లున్నారు.

గుండ్రటి కణాలు
ఆ రాళ్ల బాపతు నేనే 🙂 నాకు హెరిడిటరీ స్ఫీరోసైటోసిస్. ఇరవై దాటకముందే పిత్తాశయంలో రాళ్లు, అంత చిన్న వయసులో ఎందుకని ఒక సర్జన్‌కి సందేహం వచ్చి రక్తం వైపు చూశారు. అప్పటిదాకా చిన్నప్పట్నుంచీ నేను "పచ్చ కళ్ల పిల్ల"నే, అంతకుమించి ఎవరూ ఆలోచించలేదు. మా నాన్నకీ ఉంది, ఆయనకి తెలియనే తెలియదు. సుమారు ముప్పావు వంతు కుటుంబాల్లో తల్లి నుంచో తండ్రి నుంచో నేరుగా వస్తుంది, మిగతా వాళ్లలో ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగా కనిపించొచ్చు. కణం పొరని లోపలినుంచి పట్టి ఉంచే ప్రోటీన్లలో, యాంకిరిన్, స్పెక్ట్రిన్, బ్యాండ్ 3 లాంటి వాటిలో లోపం. పొర కొంచెం కొంచెం ఊడిపోయి కణం బంతిలా గుండ్రంగా అవుతుంది, మెత్తదనం పోతుంది, ప్లీహంలో ఉన్న సన్నని సందుల్లోంచి దూరలేక అక్కడే చిక్కుకుంటుంది.

అక్కా, మీ తమ్ముడికి చిన్నప్పుడు ఎప్పుడైనా కళ్లు పచ్చబడ్డాయా? పుట్టినప్పుడు కామెర్లకి లైట్ కింద పెట్టారా? ఇంట్లో ఎవరికైనా ప్లీహం తీసేశారా? ఇవి మొదట అడుగుతారు.

నిద్రలేని అక్క
ఏమీ లేదండీ. పోయినేడు ఉద్యోగంలో చేరేటప్పుడు చేసిన టెస్టులో హీమోగ్లోబిన్ 14.8. ఇంట్లోనూ ఎవరికీ లేదు. మూత్రం మాత్రం ఈమధ్య ముదురుగా వస్తోంది అన్నాడు, కోలా రంగు కాదు, ముదురు పసుపు.

స్లైడు కింద
పోయినేడు 14.8 అన్న ఒక్క ముక్క చాలా విలువైనది. పుట్టుకతో వచ్చినది కాక మధ్యలో మొదలైనది అనే వైపు బరువు పెరిగింది. పాత రిపోర్టులు పారేయకండి అని అందుకే అంటాం.

సంతకం లేని టెక్నీషియన్
మూత్రం సంగతి నేను చెప్తా. ముదురు పసుపు అంటే బిలిరుబిన్ నుంచి పేగుల్లో తయారయ్యే యూరోబిలినోజెన్ ఎక్కువై ఉండొచ్చు, ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ నీటిలో కరగదు కాబట్టి మూత్రంలోకి రాదు. అదే ఎర్రగా, కోలాలా వస్తే వేరే కథ, అప్పుడు కణాలు రక్తనాళాల్లోనే పగిలిపోతున్నాయని అనుమానించాలి. మూత్రం టెస్ట్ స్ట్రిప్పు మీద బ్లడ్ పాజిటివ్ వస్తుంది, మైక్రోస్కోప్‌లో చూస్తే ఒక్క ఎర్రకణం కూడా కనపడదు. అంటే అది హీమోగ్లోబిన్, లేదా కండరాల్లోంచి వచ్చిన మయోగ్లోబిన్. రక్తం ట్యూబుని మిషన్‌లో తిప్పి పైన తేలే ప్లాస్మా చూడండి, గులాబీ రంగుంటే హీమోగ్లోబిన్, తేటగా ఉంటే మయోగ్లోబిన్ వైపు. కండరాల ఎంజైము సీకే చేస్తే ఇంకా స్పష్టం.

ఇంకోటి. ఎల్‌డీహెచ్ పెరిగిందని కంగారు పడే ముందు శాంపిల్ ఎలా తీశారో అడగండి. సన్న సూదితో గట్టిగా లాగితే, ట్యూబుని ఊపేస్తే కణాలు సిరంజిలోనే పగులుతాయి. ఎల్‌డీహెచ్, పొటాషియం రెండూ పెరిగిపోతాయి. మేం "శాంపిల్ హీమోలైజ్ అయింది" అని రాస్తాం, ఆ లైను చదవకుండా అంకె ఒక్కటే చూసి భయపడి ఫోన్ చేసేవాళ్లు ఎందరో. రెటిక్ మాత్రం సూది వల్ల పెరగదు.

బుడ్డోడి నాన్న
మా వాడి అనుభవం కూడా పెడుతున్నా, ఎవరికైనా పనికొస్తుంది. మూడేళ్ల పిల్లాడు, జ్వరానికి మందు వాడాక రెండో రోజుకి మూత్రం కోలా రంగు, మనిషి తెల్లగా పాలిపోయాడు. ఎర్రకణాల్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపం అనుమానించి టెస్ట్ చేశారు, నార్మల్ అని వచ్చింది! హమ్మయ్య అనుకున్నాం. కానీ పిల్లల డాక్టరమ్మ వదల్లేదు, మూడు నెలలు ఆగి మళ్లీ చేయించమన్నారు. అప్పుడు లోపం అని తేలింది.

మెడికో నాలుగో ఏడు
అది పరీక్షల్లో అడిగే ప్రశ్న సార్. ఇలా కణాలు ఒక్కసారిగా పగిలే దాడి జరిగినప్పుడు ఎంజైము తక్కువున్న ముసలి కణాలన్నీ పగిలిపోతాయి, మిగిలేవి కుర్ర కణాలు, కొత్త రెటిక్యులోసైట్లు. వాటిలో ఎంజైము కాస్త మెరుగ్గా ఉంటుంది కాబట్టి టెస్ట్ తప్పుగా నార్మల్ చూపిస్తుంది. అందుకే రెండు మూడు నెలలయ్యాక మళ్లీ చేయాలి. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఈ లోపం ఉందని అంచనా. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మగపిల్లల్లో ఎక్కువ, కానీ ఆడపిల్లల్లో రానే రాదని మాత్రం కాదు.

స్లైడు కింద
మలేరియాకి వాడే ప్రైమాక్విన్ తీసుకున్న కొందరిలో ఎందుకు కణాలు పగులుతున్నాయో వెతుకుతూ వెళ్లే 1956లో ఈ లోపాన్ని పట్టుకున్నారు. ఇప్పటికీ ప్రైమాక్విన్, టాఫెనోక్విన్ ఇచ్చే ముందు ఈ టెస్ట్ చేయాలి. డాప్సోన్, నైట్రోఫ్యూరంటాయిన్, రాస్‌బ్యూరికేస్, నాఫ్తలీన్ ఉండలు, బాకలా (ఫావా) గింజలు, ఇవి తెలిసిన శత్రువులు. మిథిలీన్ బ్లూ కూడా. చాలామంది మర్చిపోయేది ఏంటంటే మందు కాకపోయినా ఇన్ఫెక్షన్ ఒక్కటే చాలు దాడి తెప్పించడానికి. స్మియర్‌లో అంచు కొరికేసినట్టున్న కణాలు కనిపిస్తాయి, వాటిని బైట్ సెల్స్ అంటారు.

నిద్రలేని అక్క
రిపోర్టులు వచ్చాయి. హెమటాలజిస్ట్ చూసి అడ్మిట్ చేసుకున్నారు. రెటిక్ 12 శాతం. ఎల్‌డీహెచ్ 910, అక్కడ పై హద్దు 250. హాప్టోగ్లోబిన్ 10 కంటే తక్కువ. స్మియర్: "స్ఫీరోసైట్లు, పాలీక్రొమేసియా, అక్కడక్కడా కేంద్రకం ఉన్న ఎర్రకణాలు, ముక్కలైన కణాలు లేవు". డైరెక్ట్ కూంబ్స్ పాజిటివ్, ఐజీజీ 3 ప్లస్, సీ3డీ బలహీనంగా. స్ఫీరోసైట్లు అని రాశారు కదా, అంటే పైన "గుండ్రటి కణాలు" గారికి ఉన్నదేనా? టెన్షన్‌గా ఉంది.

గుండ్రటి కణాలు
కాదక్కా, కంగారు పడకండి, నాకు కూంబ్స్ నెగటివ్. నాది ఈఎంఏ బైండింగ్ అనే ఫ్లో సైటోమెట్రీ టెస్ట్‌తో ఖాయం చేశారు.

స్లైడు కింద
సరిగ్గా చెప్పారు. గుండ్రటి కణాలు రెండు చోట్లా కనిపిస్తాయి. పుట్టుకతో వచ్చిన దాంట్లో పొర తనంతట తాను ఊడుతుంది. ఆటోఇమ్యూన్‌లో ఏమవుతుందంటే, సొంత యాంటీబాడీలు కణానికి అంటుకుంటాయి, ప్లీహంలోని మాక్రోఫేజ్‌లు యాంటీబాడీ ఉన్న పొరని కొరుక్కు తింటాయి, మిగిలిన కణం గుండ్రంగా తయారవుతుంది. స్లైడు మీద ఏది ఏదో చెప్పడం చాలా కష్టం, తేల్చేది కూంబ్సే. కణానికి యాంటీబాడీ అంటుకుని ఉందా లేదా అని నేరుగా అడిగే పరీక్ష అది. 1945లో కూంబ్స్, మౌరంట్, రేస్ ముగ్గురూ కలిసి దీన్ని వివరించారు, ఎనభై ఏళ్లయినా దీన్ని పక్కకి నెట్టే టెస్ట్ రాలేదు.

రెటిక్ 12 అన్నది రక్తహీనతకి సరిచేసి చూసుకోవాలి. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) 22ని మామూలు 45తో భాగించి 12తో గుణిస్తే 5.9 దాకా వస్తుంది, పిల్లకణాలు తొందరగా బయటికి వచ్చేసినందుకు మళ్లీ సగం చేస్తే 3 దగ్గర. 2 దాటిందంటే మజ్జ గట్టిగా పనిచేస్తోందని అర్థం. రక్తం పోవడం లేదు, మజ్జ పరిగెడుతోంది, అయినా హీమోగ్లోబిన్ నిలవడం లేదు, కాబట్టి లోపలే పగులుతున్నాయి. ఆ పైన కణాల మీద ఐజీజీ అనే యాంటీబాడీ 3 ప్లస్. వార్మ్ రకం (ఒంటి వేడి దగ్గర యాంటీబాడీ అంటుకునే) ఆటోఇమ్యూన్ హీమోలిటిక్ అనీమియాకి, అంటే సొంత యాంటీబాడీలు ఎర్రకణాల్ని పగలగొట్టే రక్తహీనతకి, ఇది అచ్చమైన చిత్రం. ఖాయం చేయాల్సింది మీ డాక్టరే.

అనుమాన పక్షి
కూంబ్స్ పాజిటివ్ వస్తే ఇక జబ్బు ఉన్నట్టేనా మరి?

స్లైడు కింద
కాదు. ఏ ఇబ్బందీ లేని రక్తదాతల్లోనూ అరుదుగా పాజిటివ్ వస్తుంది. ఆస్పత్రిలో ఉన్న రోగుల్లో ఇంకా ఎక్కువ. అలాగే నెగటివ్ అయినంత మాత్రాన జబ్బు లేదనీ కాదు, ఆటోఇమ్యూన్ కేసుల్లో కొద్ది శాతం మామూలు కూంబ్స్‌కి దొరకవు. అందుకే నేను పట్టుబట్టే వరస ఒకటే. ముందు కణాలు పగులుతున్నాయని రుజువు చేయి, తర్వాతే ఎందుకో వెతుకు. ఇక్కడ అది రుజువైంది కాబట్టి ఆ పాజిటివ్‌కి బలం.

మెడికో నాలుగో ఏడు
ఆ వరసలో ఒక గుంట ఉంది మేడమ్, బి12 లోపం. ఎల్‌డీహెచ్ వేలల్లో ఉంటుంది, ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ పెరుగుతుంది, హాప్టోగ్లోబిన్ తగ్గుతుంది, స్మియర్‌లో ముక్కలు కూడా కనిపించొచ్చు, అచ్చం రక్తంలో కణాలు పగిలినట్టే. కణాలు మజ్జలోనే, బయటికి రాకముందే చచ్చిపోతాయి. రెటిక్ తక్కువ ఉండటమే తేడా. మొన్న మా వార్డులో దీని మీద పెద్ద వాదనే జరిగింది.

స్లైడు కింద
శెభాష్. అందుకే రెటిక్ లేని హీమోలిసిస్ (ఎర్రకణాలు పగలడం) రిపోర్టుని నేను నమ్మను. రెటిక్ తక్కువ రావడానికి ఇంకో కారణం పార్వోవైరస్ బి19. స్ఫీరోసైటోసిస్, సికిల్ సెల్ ఉన్నవాళ్లకి ఇది సోకితే మజ్జ కొన్నాళ్లు ఎర్రకణాల పని ఆపేస్తుంది, హీమోగ్లోబిన్ చూస్తుండగానే పడిపోతుంది.

నిద్రలేని అక్క
స్టెరాయిడ్ మొదలుపెట్టారు, బరువుకి కిలోకి 1 మిల్లీగ్రామ్ చొప్పున ప్రెడ్నిసొలోన్. ఫోలిక్ యాసిడ్ కూడా. ఇంకా ఏఎన్ఏ, హెచ్ఐవీ, హెపటైటిస్, పొట్ట స్కాన్ రాశారు. జబ్బు పేరు తెలిసిపోయాక ఇవన్నీ ఎందుకు?

స్లైడు కింద
పేరు తెలిసింది, కారణం తెలియలేదు. వార్మ్ రకంలో సుమారు సగం మందిలో వెనకాల ఇంకేదో ఉంటుంది. లూపస్ (ఏఎన్ఏ టెస్ట్ దీనికే), లింఫోమా, క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా, ఇమ్యూనిటీ లోపాలు, కొన్ని మందులు. మీ తమ్ముడు ఈమధ్య ఏ యాంటీబయోటిక్ వాడాడో గుర్తు చేసుకుని పేర్లు రాసి ఇవ్వండి. సెఫ్ట్రియాక్సోన్ లాంటివి కొందరిలో చాలా తీవ్రంగా కణాల్ని పగలగొడతాయి, అలాంటప్పుడు మందు ఆపడమే మొదటి వైద్యం. ప్లేట్‌లెట్లు కూడా పడిపోతే ఇవాన్స్ సిండ్రోమ్ అంటారు, మీకు 2,10,000 ఉన్నాయి కాబట్టి ప్రస్తుతానికి అది లేదు.

సంతకం లేని టెక్నీషియన్
బ్లడ్ బ్యాంక్ వైపు నుంచి ఒక మాట. ఇలాంటి రోగికి క్రాస్‌మ్యాచ్ చేస్తే ఏ బ్యాగూ కలవదు, ఎందుకంటే ఆ యాంటీబాడీ దాదాపు అందరి కణాలనీ పట్టుకుంటుంది. "మ్యాచ్ అయ్యే రక్తం లేదంట" అని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. ప్రాణం మీదకి వస్తే అయినా ఎక్కిస్తారు, కొంచెం కొంచెంగా, దగ్గరుండి చూస్తూ. మాకు అసలు భయం ఆ గోలలో దాక్కున్న ఇంకో యాంటీబాడీ, అంటే పాత ట్రాన్స్‌ఫ్యూజన్ వల్లో గర్భం వల్లో తయారైనది. అందుకే ఇంతకుముందు రక్తం ఎక్కించుకున్నారా అని మూడుసార్లు అడుగుతాం, విసుక్కోకండి. రక్తం ఎక్కించిన వారం పది రోజులకి మళ్లీ కళ్లు పచ్చబడి హీమోగ్లోబిన్ పడిపోతే అది ఆలస్యంగా వచ్చే రియాక్షన్ కావచ్చు, వెంటనే చెప్పాలి.

కోల్డ్ రకం ఇంకో తమాషా. మైకోప్లాస్మా న్యుమోనియా తర్వాతో, లింఫోమాతోనో వస్తుంది. చల్లబడితే కణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మిషన్ గుంపుని ఒకే కణంగా లెక్కపెడుతుంది. ఎర్రకణాల సంఖ్య సగానికి సగం తక్కువ, ఎంసీవీ 125, ఎంసీహెచ్‌సీ (కణంలో హీమోగ్లోబిన్ చిక్కదనం) 45, ఇలా పొంతన లేని అంకెలొస్తాయి. ట్యూబుని 37 డిగ్రీల్లో కాసేపు వెచ్చబెట్టి మళ్లీ పెడితే అంకెలు దారికొస్తాయి. వాటిలో కూంబ్స్‌కి సీ3డీ (కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్ ముక్క) పాజిటివ్, ఐజీజీ సాధారణంగా నెగటివ్.

అనుమాన పక్షి
మరి ప్లీహం తీసేస్తే అన్నిటికీ పరిష్కారం కదా? కణాల్ని తినేది అదే అంటున్నారు.

గుండ్రటి కణాలు
నాకు తీశారు, బాగున్నాను, కానీ అంత తేలిగ్గా అనకండి. న్యుమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ టీకాలు ముందే వేసుకోవాలి, ఆ తర్వాత జీవితాంతం జ్వరం వస్తే ఇంట్లో కూర్చోకూడదు. చిన్నపిల్లల్లో ఆరేళ్లు దాటేదాకా వీలైనంత ఆగుతారు.

స్లైడు కింద
కోల్డ్ రకంలో తీసినా లాభం ఉండదు, అక్కడ కణాల్ని తినేది ఎక్కువగా లివరే. స్టెరాయిడ్‌కీ అంతగా లొంగదు. రకం తెలుసుకోకుండా వైద్యం మొదలుపెట్టకూడదు అనేది ఇందుకే.

ఈ థ్రెడ్ చదివే మిగతావాళ్ల కోసం ఇంకొక్కటి చెప్పాలి, ఎందుకంటే ఇందులో గంటలు కూడా విలువైనవే. స్మియర్‌లో ముక్కలైన కణాలు, అంటే షిస్టోసైట్లు ఉండి, ప్లేట్‌లెట్లు కూడా బాగా పడిపోయి, కూంబ్స్ నెగటివ్ అయితే టీటీపీ అనుమానించాలి. ఏడీఏఎంటీఎస్13 అనే ఎంజైము 10 శాతం కంటే తక్కువకి పడిపోయి చిన్న నాళాల్లో గడ్డలు కడతాయి, కణాలు వాటికి తగిలి ముక్కలవుతాయి. తికమకగా మాట్లాడటం, ఫిట్స్, మాట తడబడటం లాంటివి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. వైద్యం లేకపోతే పదిమందిలో తొమ్మిదిమంది చనిపోయేవారు, ప్లాస్మా ఎక్స్ఛేంజ్ వచ్చాక లెక్క తిరగబడింది. ఎంజైము రిపోర్టు వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుంది, అనుమానంతోనే మొదలుపెడతారు. పిల్లల్లో రక్త విరేచనాల తర్వాత ఇలాంటి చిత్రమే కిడ్నీ దెబ్బతో వస్తే హెచ్‌యూఎస్. కృత్రిమ గుండె కవాటం ఉన్నవాళ్లలోనూ ముక్కలు కనిపిస్తాయి, కానీ వాళ్లలో ప్లేట్‌లెట్లు అలా కూలవు.

మెడికో నాలుగో ఏడు
కూంబ్స్ నెగటివ్ జాబితాలో ఇంకో రెండు మరచిపోకూడదు. కుర్రవాళ్లలో లివర్ జబ్బుతో కలిసి హీమోలిసిస్ వస్తే విల్సన్ జబ్బు, రాగి పేరుకుపోవడం వల్ల. పొద్దున్నే మూత్రం ముదురు, రక్తం గడ్డలు ఎక్కడెక్కడో, ముఖ్యంగా లివర్ సిరల్లో, తెల్లకణాలూ తక్కువ అయితే పీఎన్‌హెచ్. దీనికి ఫ్లో సైటోమెట్రీలో కణాల మీద ఉండాల్సిన సీడీ55, సీడీ59 ప్రోటీన్లు చూస్తారు. ఎక్యులిజుమాబ్ అనే మందు 2007లో వచ్చాక ఈ రోగుల బతుకే మారిపోయింది.

షుగర్ సీనియర్
ఆలస్యంగా చూశాను. అమ్మాయ్, మీ తమ్ముడికి స్టెరాయిడ్ ఇస్తున్నారు కాబట్టి చెప్తున్నా, షుగర్ పెరిగే అవకాశం ఉంది. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూసి బాగుందని ఊరుకోవద్దు. ఎర్రకణాలు తొందరగా పగిలేవాళ్లలో అది తప్పుగా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే చక్కెర అంటుకునేంత కాలం ఆ కణాలు బతకవు. నాకు సన్నటి హీమోలిసిస్ ఉంది, ఏ1సీ 5.4, భోజనం తర్వాత గ్లూకోమీటర్‌లో 240. ఆ రెండూ పొసగవని పట్టుకున్నది మా డాక్టరు.

నిద్రలేని అక్క
ఇది మాకెవరూ చెప్పలేదు బాబాయ్ గారూ. మరి దేంతో చూసుకోవాలి?

షుగర్ సీనియర్
వేలి నుంచి తీసే చుక్క చాలు. పొద్దున వేసుకునే స్టెరాయిడ్‌కి షుగర్ మధ్యాహ్నం తర్వాత, సాయంత్రం ఎక్కువ పెరుగుతుంది, పరగడుపున బాగుందని మోసపోవద్దు. లాంగ్ టర్మ్ లెక్క కావాలంటే ఫ్రక్టోసమైన్ అడగండి, అది ఎర్రకణాల మీద ఆధారపడదు. ఇక స్టెరాయిడ్ ఒంట్లో బాగుందని మీ అంతట మీరు ఆపకండి, మెల్లగా నెలల మీద తగ్గిస్తారు.

నిద్రలేని అక్క
సరేనండీ. ఇవాళ సాయంత్రం చూశారు, 188. నర్సుకి చెప్పి డాక్టరుకి ఫోన్ చేయించాను. హీమోగ్లోబిన్ 7.9, ఎల్‌డీహెచ్ 640కి దిగింది. రెటిక్ ఇంకా ఎక్కువే ఉంది, అది తగ్గకపోవడం చెడ్డదా?

స్లైడు కింద
ఇప్పుడే తగ్గితేనే భయపడాలి. లోటు పూడేదాకా మజ్జ పనిచేస్తూనే ఉండాలి కదా, ముందు ఎల్‌డీహెచ్ దిగుతుంది, తర్వాత హీమోగ్లోబిన్ ఎక్కుతుంది, రెటిక్ చివర్లో మామూలవుతుంది. ఏఎన్ఏ రిపోర్టు వచ్చాక ఇక్కడే పెట్టండి.